ఇచ్చిన మాటయే దేశమునకు పరపతి



నేరము చేసి విదేశములకు పారిపోయినవారి ప్రసంగము వచ్చినప్పుడెల్ల మనవారు రెండు మాటలు గట్టిగా పలుకుదురు. పరదేశపు కోర్టులు దొంగలకు కొమ్ము కాయుచున్నవనునది మొదటిది. వారిని తెచ్చుకొనుటకై మన ప్రభుత్వము షరతులకు తలయొగ్గుట సిగ్గుచేటనునది రెండవది. ఈ రెండును వినుటకు శౌర్యముగా నుండును గాని, తుదకు పారిపోయినవానికే లాభము చేకూర్చును.

వర్తకులకు వేరుగా చెప్పనక్కరలేదు. హుండీకి విలువ వచ్చునది కాగితమువలన గాదు, సంతకము చేసినవాని పరపతివలన. రాజ్యముల మధ్య నేరస్థుల అప్పగింత ఒప్పందములును అట్టివే. మనకు 1962 నాటి అప్పగింత చట్టము కలదు. నలుబదికి పైగా దేశములతో ఒప్పందములు కలవు. అయినను మన పత్రము చెల్లని చోట్లు కలవు. ఏల చెల్లలేదో విచారింతము.

1995 డిసెంబరులో పశ్చిమ బెంగాలునందలి పురూలియా జిల్లాలో విమానమునుండి ఆయుధములు జారవిడిచిన కేసున నిందితుడగు నీల్స్ హోల్క్ డెన్మార్కు పౌరుడు. అతనిని పంపుటకు 2010లో ఆ దేశ ప్రభుత్వమే సమ్మతించెను. కాని మన దేశమున అతడు చిత్రహింసలకు గురియగు ప్రమాదము కలదని 2011లో అచటి హైకోర్టు ఆపివేసెను. 2024 ఆగస్టులో మరల నిరాకరణయే ఎదురయ్యెను.

దీనితో మరియొక కేసును పోల్చి చూడుడు. 2000 నాటి క్రికెట్ జూదపు కేసున నిందితుడగు సంజీవ్ చావ్లాను పంపుటకు లండను మేజిస్ట్రేటు 2017లో ఒప్పుకొనలేదు. తీహారు జైలు స్థితియే కారణము. జైలు వసతులను గూర్చి మన ప్రభుత్వము హామీలిచ్చిన పిమ్మట 2018లో అచటి హైకోర్టు ఆ తీర్పును త్రోసివేసెను. 2020 ఫిబ్రవరిలో అతడు ఢిల్లీ చేరెను. ఒప్పందము 1992 నాటిదే. క్రొత్తగా చేరినది హామీ మాత్రమే.

ఇక అబూ సలేము సంగతి. 1993 బొంబాయి ప్రేలుళ్ల కేసున కావలసిన ఇతడు 2002లో లిస్బనులో పట్టుబడెను. నాడు పోర్చుగలుతో మనకు అప్పగింత ఒప్పందమే లేదు. ఉరి వేయము, 25 ఏండ్లకు మించి చెరలో నుంచమని మన ప్రభుత్వము మాట ఇచ్చినందుననే 2005లో అతడు మన చేతికి వచ్చెను. ఏ నేరములకై అప్పగించిరో ఆ నేరములకే విచారింపవలెనను నియమమును మీరితిమని 2011లో లిస్బను కోర్టు ఆ అప్పగింతనే రద్దు చేసెను. పిమ్మట కొన్ని అభియోగములను మనమే ఉపసంహరించుకొనవలసి వచ్చెను. 25 ఏండ్ల హామీకి కేంద్రము కట్టుబడవలెనని 2022 జులైలో మన సుప్రీముకోర్టే తేల్చినది. హంతకునికిచ్చిన మాట నిలుపనేలయని కొందరందురు. ఆ మాట ఇచ్చినది హంతకునికి గాదు, ఒక దేశమునకు. ఆ బాకీ ఎగవేసినచో రేపు మన హుండీని పుచ్చుకొనువారెవరు?

షరతులన్నియు దొంగలకొరకే పుట్టినవనువారు పుదుచ్చేరి చరిత్రను తలంపవలెను. 1908లో సుబ్రహ్మణ్య భారతి, 1910లో అరవిందులు ఆ ఫ్రెంచి గడ్డపై తలదాచుకొనిరి. మన యానాము నాడు ఆ పతాకము క్రిందనే యుండెను. ఆంగ్ల ప్రభుత్వమునకు వారు నేరస్థులు, మనకు మహనీయులు. రాజకీయాపరాధులను అప్పగింపరాదను నియమము అట్టివారి రక్షణకే. మన 1962 చట్టమునందును అది కలదు.

అమెరికా ఆండర్సనును ఇచ్చెనా యని అడుగవచ్చును. ఈయలేదు. భోపాలు విషవాయువునకు జవాబుదారియని మనము 2003లో కోరితిమి, 2004లో కాదనిరి, 2014లో అతడు అచటనే మరణించెను. అది తీరని అన్యాయము. అయినను ఎదుటివాడు ఎగవేసెనని మన ఖాతాలోని బాకీ కొట్టుపడునా?

పారిపోయిన ధనికునికి మంచి గది, ఇచటి పేదకు ఇరుకు కొట్టా యను ప్రశ్న న్యాయమైనది. 2022 నాటి లెక్కలలో మన ఖైదీలలో నూటికి 75 మంది విచారణ ముగియనివారే. దీనికి మందు ధనికుని గది తీసివేయుట గాదు, పేదవాని కొట్టును బాగుచేయుట. పరదేశపు న్యాయాధిపతి వ్రేలెత్తి చూపువరకును మన జైళ్ల వంక మనము చూడకుండుటయే అసలు సిగ్గుచేటు.

చిత్రహింసల నిషేధ ఒడంబడికపై మన దేశము 1997లో సంతకము చేసినది, నేటికిని ధ్రువీకరింపలేదు. సంతకము చేసి సొమ్ము చెల్లింపని వర్తకుని బజారున ఏమందురో మీకు తెలియును. కావున సభ్యులందరును తమ తమ పార్లమెంటు సభ్యులకు జాబులు వ్రాసి ఆ ధ్రువీకరణమును, జైళ్ల సంస్కరణమును కోరవలెను. మన మాట చెల్లిననాడు పారిపోయినవానికి నిలువ నీడ యుండదు.