ఘాట్ రోడ్డులో నిప్పురవ్వ

అనంతగిరి ఘాట్ ఎక్కే కార్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా, "పాత అంబాసిడరే మేలు, దారిలో ఆగినా గరుకు కాగితంతో పాయింట్లు రుద్దుకుని కదిలిపోయేవాళ్ళం" అనే పెద్దలు తారసపడుతుంటారు. అందులో సగమే నిజమని నా అభిప్రాయం.

పెట్రోలు ఇంజనులో 12 వోల్టుల బ్యాటరీ విద్యుత్తు ఇగ్నిషన్ కాయిల్‌లో ప్రవహిస్తుండగా దాన్ని హఠాత్తుగా తెంచితే, రెండో చుట్టలో వేల వోల్టులు పుట్టి స్పార్క్ ప్లగ్గు వద్ద రవ్వ రాలుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరిగితే సెకనుకు 100 రవ్వలు కావాలి. పాత కార్లలో ఆ తెంచే పని పాయింట్లది. తెంచినప్పుడల్లా అవి కాస్త కాలేవి. గాలికొండ మంచుకు డిస్ట్రిబ్యూటర్ మూతలో తడి చేరితే విద్యుత్తు పక్కదారి పట్టేది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో సెన్సర్ వేళ చెబుతుంది, ట్రాన్సిస్టర్ తెంచుతుంది. రాపిడీ లేదు, అరుగుదలా లేదు.

అంతకన్నా ముఖ్యం ఆ వేళ. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. అక్కడి గాలి పీడనం విశాఖ తీరంతో పోలిస్తే దాదాపు పదో వంతు తక్కువ. పైగా ఎత్తెక్కేటప్పుడు ఇంజనుపై భారం. రవ్వ తొందరపడితే ఇంజను టకటకా కొట్టుకుంటుంది, ఆలస్యమైతే బలం తగ్గుతుంది. పాత బండి స్ప్రింగులతో ఉజ్జాయింపుగా సర్దుకునేది. నేటి కంప్యూటరు పీడనం, వేగం, వేడిమి చూసి ప్రతి రవ్వకూ ముహూర్తం పెడుతుంది.

ఇక నిజమైన ఆ రెండో సగం. క్రాంక్ సెన్సర్ చెడితే గరుకు కాగితం పనికిరాదు. చీకటి పడ్డాక, బండిలో రోగి ఉండగా, ఏ మలుపులోనో అది జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. అయితే బండి తన జబ్బును తానే చెప్పగలదు. చిన్న రీడరు తగిలిస్తే ఫోనులో "పీ0335" అని కనబడవచ్చు. ఆ సెన్సర్ సర్క్యూట్లో లోపమని దాని భావం.

ఆ భావాలన్నీ ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉన్నాయి. పాయింట్ల విద్య మేస్త్రీ నుంచి కుర్రాడికి మన మాటల్లోనే అందింది. సెన్సర్ల విద్య అలా అందలేదు. పాడేరు, అరకు కొండల్లో చాలామందికి తెలుగే రెండో భాష, ఇంగ్లీషు ఆ తరువాతిది. కనుక కొరత యంత్రంలో లేదు, మన రాతల్లో ఉంది. కవిత్వానికి, కథలకు వెచ్చించే శ్రద్ధలో కొంత ఇటు మళ్ళిస్తే తెలుగు పరువేమీ తగ్గదు. మీరేమంటారు?