చేసినవాళ్ల పేరేది?

అడవిదున్న కొమ్ములతో కట్టే కొమ్ముకోయల తలపాగా ఇప్పుడు సభావేదికల అలంకారమైపోయింది. అతిథి తలకు తొడుగుతారు, ఫొటోలు దిగుతారు, తీసి పక్కన పెడతారు. దాన్ని కట్టిందెవరో ఏ వక్తా చెప్పడు. తిరుమలాయపాలెం నుంచి భద్రాచలం మన్యం వైపు చూసే మాకు ఇది చిన్న అవమానంగా తోచదు.

అడవిదున్నను 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతోంది. కొత్త కొమ్ములు తేవడం నేరం. అందుకే తాతలనాటి కొమ్ములున్నవాళ్లు వాటిని దాచుకుంటారు, లేనివాళ్లు చెక్కతో చేసుకుంటారు. కొలుపులో ఆడే కోయ తలమీద చెక్కకొమ్మైనా అసలైనదే. ఊరూ పేరూ లేకుండా బంగళా గోడకెక్కిన నిజం కొమ్మే మా లెక్కలో నకిలీ.

సేకర్తలు అడిగేది ఒక్కటే: పాతదేనా? ఎవరు చేశారని అడగరు. మోసం పుట్టేది అక్కడే. న్యూజీలాండ్ ఆదివాసులైన మావోరీల చెక్కడాలకు ఐరోపాలో గిరాకీ ఉన్న రోజుల్లో జేమ్స్ లిటిల్ అనే ఇంగ్లీషు వర్తకుడు తానే చెక్కి, మావోరీలవని అమ్మాడు. కొన్నవాళ్లు శిల్పి పేరు అడిగి ఉంటే ఆ వ్యాపారం అంత సులువుగా సాగేదా? న్యూజీలాండ్‌లో 2002లో మావోరీ కళాకారుల పనికి ‘టోయ్ ఇహో’ ముద్ర వచ్చింది. మన ఆదిలాబాద్ డోక్రా ఇత్తడి బొమ్మలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. అయితే అది కాపాడేది జిల్లా పేరును. మైనపు తీగ చుట్టి, మట్టి పూసి, ఇత్తడి కరిగించి పోసిన ఉషేగావ్ ఓజా కళాకారుల పేరు మాత్రం బొమ్మతోపాటు కొన్నవారి ఇంటికి చేరదు.

కోయల పడిగె సంగతి మరీ అన్యాయం. ముక్కోణపు గుడ్డమీది బొమ్మల్లో ఒక గోత్రం చరిత్ర ఉంటుంది. డోలి కొట్టి చెప్పేవాళ్లుంటేనే అది పలుకుతుంది. సమ్మక్క సారలమ్మల కథ చెప్పిన మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన వెళ్లిపోయారు. ఆయనలాంటి వాళ్ల నోటి విద్యకు వారసులను తయారు చేయకుండా, గుడ్డను మాత్రం అద్దాల పెట్టెలో పెట్టి సంస్కృతిని కాపాడామనడం పచ్చి అబద్ధం. సేకరించకపోతే ఎన్నో చెదలపాలయ్యేవన్న వాదనలో నిజముంది. కానీ కాపాడినంత మాత్రాన సేకర్తలు సొంతదారులైపోరు.

మ్యూజియమైనా దుకాణమైనా ప్రతి వస్తువు పక్కన చేసినవారి పేరు, ఊరు, గోత్రం రాయాలి. తెలియకపోతే ఆ గూడేనికి వెళ్లి కనుక్కోవాలి. ఇలవేల్పు పడిగెను గోత్రపెద్దల అనుమతి లేకుండా కదిలించకూడదు. ఈ మాత్రం చేయని ప్రదర్శనను మా పత్రిక ఇకమీదట కళాప్రదర్శన అనదు, సరుకు సంత అనే రాస్తుంది.