వాయిదానా, రద్దా?

మేమెరిగిన ఒక ఇంట నికాహ్ తేదీ ఖాయమైన తరువాత పెళ్లికూతురి దాదీ ఆసుపత్రి పాలయ్యారు. ఇరువైపుల పెద్దలు మాట్లాడుకొని నికాహ్‌ను నెల రోజులు వెనక్కి జరిపారు. ఈ సంగతి దుబాయిలోని మామూకు తెలిపే పని ఇంటర్ చదివే తమ్మునిపై పడింది. అతడు ఇంగ్లీషులో ఒక్క వాక్యమే రాశాడు: 'నికాహ్ ఈజ్ కాల్డ్ ఆఫ్'. ఆ రాత్రే మామూ ఫోను చేసి, "రిష్తా ఎందుకు చెడింది? పిల్ల ఎలా ఉంది?" అని ఆందోళనతో అడిగారు.

'కాల్ ఆఫ్' అంటే రద్దు చేయడం, విరమించడం. ఇంగ్లీషు పత్రికలో 'స్ట్రైక్ కాల్డ్ ఆఫ్' అని ఉంటే సమ్మె విరమించారని అర్థమే గాని, వాయిదా వేశారని కాదు. వాయిదాకు వాడవలసినది 'పుట్ ఆఫ్'. 'ది నికాహ్ హ్యాజ్ బీన్ పుట్ ఆఫ్' అని రాసి, చివర 'అంటిల్' చేర్చి కొత్త తేదీ వేసి ఉంటే మామూకు ఆ రాత్రి నిద్ర కరవయ్యేది కాదు.

'కాల్' అంటే పిలవడం, 'పుట్' అంటే పెట్టడం అని మనకు తెలుసు. కాని 'ఆఫ్' చేరగానే ఆ అర్థాలు మారిపోతాయి. ఇది మనకు కొత్త కాదు. తెలుగులో 'పడు'కు ముందు 'బయట' చేరితే ఒక అర్థం, 'వెంట' చేరితే మరొక అర్థం రావడం లేదా? కనుక ఇటువంటి పదబంధాన్ని ముక్కలు చేయక, ఒకే మాటగా నేర్చుకోవాలి.

వాడుకలో మూడు విషయాలు గుర్తుంచుకుందాం. ఒకటి, 'ఇట్' వంటి సర్వనామం నడుమ రావాలి. 'పుట్ ఇట్ ఆఫ్', 'కాల్ ఇట్ ఆఫ్' ఒప్పు. 'పుట్ ఆఫ్ ఇట్' తప్పు. రెండు, 'పుట్ ఆఫ్' తరువాత క్రియ వస్తే దానికి 'ఇంగ్' చేర్చాలి. 'పుట్ ఆఫ్ గోయింగ్' ఒప్పు. 'పుట్ ఆఫ్ టు గో' తప్పు. మూడు, భూతకాలంలోనూ 'పుట్' మారదు.

'పుట్ ఆఫ్'కు మరో అర్థమూ ఉంది. 'ది స్మెల్ పుట్ మీ ఆఫ్' అంటే ఆ వాసనకు నాకు తినాలనే కోరిక పోయిందని. సందర్భమే అర్థాన్ని తేలుస్తుంది.

దాదీ కోలుకొని ఇల్లు చేరారు. జరిపిన తేదీకే నికాహ్ జరిగింది. మామూ కూడా వచ్చారు.

ఈ నెల అభ్యాసానికి ఒక వాక్యం: 'డోంట్ పుట్ ఆఫ్ కాలింగ్ యువర్ మదర్'. దీనిని పిల్లల చేత తెలుగులోకి మార్పించండి. అర్థం తెలిసిన తరువాత, దూరాన ఉన్నవారు ఆ పని ఈ రోజే చేయవచ్చు.