ఇంటి కుక్కకు రెండవ వైద్యుడు



ఈ నెల ఊరగాయల గూర్చి వ్రాసెదనని గత సంచికలో మాట యిచ్చితిని. ఆ మాట తప్పినందులకు మన్నింపుడు. మా కుక్క చంద్రి చావుబ్రతుకులలో నుండగా మామిడికాయలు నా తలపునకు రాలేదు.

చంద్రికి ఆరేండ్లు. బడి వాకిట వానలో తడియుచున్న పిల్లను మావారు ఉత్తరీయమున చుట్టి తెచ్చిరి. నాటినుండి అది మా యింటికి కావలి, మా అమ్మాయికి నెచ్చెలి. వైశాఖమున ఒకనాటినుండి అన్నము ముట్టుట మానెను. మూడవనాటికి ఒడలు కాలుచు, ముక్కునుండి నెత్తురు కారజొచ్చెను. మా యూరి పశువైద్యుడు వచ్చి, ఎలుకలమందు తినియుండునని యనుమానించి కె విటమిను సూదులు వేసెను. నాలుగు దినములైనను గుణము కనబడలేదు. ఐదవనాడు అతడు తలవంచుకొని, "అమ్మగారూ, ఇంకా దీన్ని బాధపెట్టడ మెందుకండీ? నొప్పి తెలియకుండా నిద్రపుచ్చడమే మంచిది" అనెను.

ఆ వైద్యుడు మావారికడ చదువుకొన్నవాడు. పండుగనాడు వచ్చి పాదములకు నమస్కరించి పోవువాడు. వేరొకరికి చూపెదమనిన మనసు నొచ్చుకొనునేమోయని మేమిరువురము రెండు దినములు పెదవి కదపలేదు. చంద్రి చిగుళ్లు సున్నము పూసినట్లు తెల్లబారెను. అప్పుడు మా అమ్మాయి, "నాయనమ్మకు జబ్బు చేస్తే ఇద్దరు డాక్టర్లకు చూపించారు కదమ్మా!" అనెను.

భారతమున సరమ, తన పిల్లను నిష్కారణముగా కొట్టిరని జనమేజయుని యెదుటికే పోయి నిలదీసి యడిగెను. నాకు మా యింటికి వచ్చిపోవు కుర్రవాని నొకమాట యడుగుటకు నోరు రాకపోయెను!

ఆ సాయంకాలమే అతనికి ఫోను చేసితిని. "నాయనా, నీ మాట మీద అపనమ్మకం కాదు. ఇది ఎలుకలమందు కాకపోతే మరేమై ఉండవచ్చు? అది తేల్చే పరీక్ష ఎక్కడ చేస్తారు?" అంటిని. కొంతసేపు పలుకలేదు. పిదప, "ఈ మాట నేనే చెప్పవలసిందండీ" అనెను. తాను వేసిన సూదులు, వేసిన దినములు, మోతాదులు అన్నియు కాగితముపై వ్రాసి, పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసికొని పొమ్మని మరునాటి తెల్లవారుజామునకు తానే కిరాయి కారు పిలిపించెను. మేము రెండు దినములు భయపడిన కోపము అతనియందు లేనేలేదు.

అచ్చటి వైద్యురాలు కాగితము చదివి, చంద్రి చెవులు మడిచి చూచి, కాలివ్రేళ్ల సందులు విడదీసినది. పిడుదులు! మావైపు గోమార్లందుము. నెత్తుటిలో ప్లేట్‌లెట్లు 18,000 మాత్రమే యున్నవి. ఆరోగ్యముగల కుక్కకు సుమారు రెండు లక్షలనుండి ఐదు లక్షల వరకు నుండునట. పిడుదు కాటువలన ఎర్లీకియా యను సూక్ష్మజీవి నెత్తుటిలో చేరి ఈ జ్వరము తెచ్చును. 1935లో అల్జీరియాలో దీనిని కనుగొనిరి. డాక్సీసైక్లిను 28 దినములు వాడుమనిరి. మూడవనాడు చంద్రి గంజి నాకెను. ఎలుకలమందు తిన్నను ముక్కునుండి నెత్తురు కారవచ్చును గాన మావాని యనుమానము నిరాధారము గాదు. పరీక్షించు యంత్రము మా యూర లేదు, అంతే.

గన్నవరము, తిరుపతి, రాజేంద్రనగరములందు పశువైద్య కళాశాలలున్నవి. దూరమని వెనుకాడకుడు. పోవునపుడు పరీక్షల కాగితములు, మందుల పేర్లు వెంట నుంచుకొనుడు. మొదటి వైద్యుడు వేసిన మందును దాచిన నష్టము మనదే. ఊపిరాడక రొప్పుచున్నను, మూత్రము బిగిసినను ప్రయాణము మాట తలపెట్టక దగ్గరి వైద్యునిచేత మొదట ప్రాణము నిలుపుకొనుడు. జ్వరము కదా యని మన మాత్రలు వేయకుడు. పారాసిటమాలు ఒక్క మాత్రయైనను పిల్లిని చంపగలదు. ఐబుప్రొఫెను కుక్క కడుపున పుండ్లు చేయును.

రెండవవాడు ఎల్లప్పుడు వేరుమాట చెప్పునని యనుకొనరాదు. మా ప్రక్కయింటి పిల్లికి మూత్రపిండములు చెడినవని ఒకరు చెప్పగా వేరొకరికి చూపిరి. ఆయనయు నదే చెప్పెను. పిల్లి దక్కలేదు. ఆ యిల్లాలు మాత్రము, "చూపించకపోతే జన్మంతా దిగులుండేది వదినా" అని నాతో ననెను.

చంద్రి మందు నిన్నటితో ముగిసెను. కుడికంట నెత్తురు చేరి చూపు పోయినది. ఆ రెండు దినములు ముందు పోయియున్నచో ఆ కన్ను దక్కెడిదా యని వైద్యురాలి నడిగితిని. చెప్పలేమనెను. ఇప్పుడది కుడిప్రక్క గడపకు తగులుచున్నదని మావారు నీళ్ల బిందెను ఎడమకు జరిపిరి. మా యూరి వైద్యుడు నిన్న వచ్చెను. నమస్కారమునకు ముందే చంద్రికడ కూర్చుండి, దాని చెవులు మడిచి చూచెను.