సమాధుల మీద పూలు – ఎవరి కోసం?

ఈస్టర్ దగ్గరపడితే చాలు, మన సమాధుల తోటలకు కళ వస్తుంది. పిచ్చిమొక్కలు పీకుతారు, గోరీలకు సున్నం వేస్తారు, చెరిగిపోయిన పేర్లకు మళ్లీ రంగు దిద్దుతారు. ఆదివారం తెల్లవారకముందే కొవ్వొత్తులు, బంతిపూలు, చామంతులు, గులాబీలు పట్టుకొని కుటుంబాలు బయల్దేరతాయి. హైదరాబాద్ నారాయణగూడ సమాధుల తోటలోనూ, కోస్తా పల్లెల్లోనూ ఇదే దృశ్యం. కేథలిక్కులు నవంబర్ 2న చేసే పనిని మన ప్రొటెస్టెంట్ సంఘాల్లో చాలామంది ఈస్టర్‌నాడు చేస్తారు. అయితే ఏటా ఒక ప్రశ్న కూడా వినబడుతుంది. చనిపోయినవారికి పూలు పెట్టడం వాక్యానుసారమా, అన్యాచారమా?

ప్రశ్న న్యాయమైనదే. పూలు పెట్టమని గాని పెట్టవద్దని గాని బైబిల్లో ఆజ్ఞ లేదు. కానీ ఆ తొలి ఈస్టర్ ఉదయాన స్త్రీలు సమాధి వద్దకు వట్టి చేతులతో వెళ్లలేదు, సుగంధ ద్రవ్యాలు తీసుకొని వెళ్లారు (లూకా 24:1). అంతకుముందు నికొదేము తెచ్చిన బోళం, అగరు నేటి లెక్కలో సుమారు 33 కిలోలు (యోహాను 19:39). వారి ప్రేమను దేవదూతలు తప్పుపట్టలేదు. సజీవుణ్ణి మృతుల మధ్య ఎందుకు వెదకుతున్నారని మాత్రం అడిగారు.

ప్రొటెస్టెంట్లలో ఈ ఆచారానికి చరిత్ర ఉంది. 1732లో జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ సంఘ యువకులు ఈస్టర్ వేకువన కొండ మీది సమాధుల తోటకు వెళ్లి కీర్తనలు పాడారు. అమెరికాలోని సేలంలో 1772లో అదే ఆరాధన మొదలైంది. అక్కడ పండుగకు ముందు కుటుంబాలు సమాధి రాళ్లను కడిగి పూలు పెడతాయి. ఆ తోటను వారు 'దేవుని పొలం' అంటారు. పొలంలో విత్తనం వేసేది మొలకెత్తడానికే గదా! పౌలు కూడా పునరుత్థానాన్ని గింజతోనే పోల్చాడు (1 కొరింథీ 15:36-38). మరొక విశేషం, అక్కడి రాళ్లన్నీ ఒకే తీరు. ధనికునికి పెద్దది, పేదకు చిన్నది ఉండదు.

మన తోటల సంగతేమిటి? ఒక గ్రానైట్ గోరీ పూల కింద కనబడకుండా పోతుంది. దాని పక్కనే ఉన్న మట్టిదిబ్బకు ఒక్క పువ్వు ఉండదు. ఆస్తి తగాదాలతో మాటలు మానుకున్న అన్నదమ్ములు ఒకే తల్లి సమాధికి వేర్వేరు వేళల్లో వచ్చి దండలు వేసి వెళ్తారు. బతికుండగా మందులు కొనిపెట్టని తండ్రికి చనిపోయాక పాలరాయి వేయిస్తారు. నీతిమంతుల గోరీలను శృంగారించిన శాస్త్రులను, పరిసయ్యులను ప్రభువు వేషధారులన్నాడు (మత్తయి 23:29). ఆ గద్దింపు పూల మీద కాదు, పూల వెనుక దాచిన హృదయం మీద.

కాబట్టి పూలు పెట్టండి, అభ్యంతరం లేదు. అయితే మృతులకు ప్రార్థించవద్దు, వారికి భోజనం పెట్టవద్దు, వారి నుండి దీవెనలు ఆశించవద్దు. వారు ప్రభువు చేతిలో ఉన్నారు. 'సిమెట్రీ' అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి నిద్రించే స్థలమని అర్థం. నిద్రించినవారు లేస్తారనే నమ్మికే మన పూలకు అర్థమిస్తుంది. ఆ నమ్మిక లేని చోట అవి అలంకారం మాత్రమే.

ఈసారి వెళ్లేటప్పుడు నాలుగు పూలు అదనంగా తీసుకెళ్లండి. పేరు లేని, వచ్చేవారు లేని సమాధి మీద వాటిని ఉంచండి. అక్కడే 1 కొరింథీ 15వ అధ్యాయం పిల్లలచేత బిగ్గరగా చదివించండి. ఇంటికి వెళ్లే దారిలో, మాట్లాడక ఏళ్లయిన అన్న ఇంటి తలుపు తట్టండి, ఒంటరిగా ఉన్న పెద్దమ్మను పలకరించండి. సమాధి మీది పువ్వు సాయంత్రానికి వాడిపోతుంది. బతికున్నవారికి ఈ రోజు చూపగలిగిన ప్రేమను రేపు ఏ పూలదండా తీర్చలేదు.