ముల్లు మాట ఎంతవరకు నమ్మాలి?

అమెరికాలో సొంత గరాజులో విమానం కట్టుకొని అందులో ఎగిరేవారు వేల సంఖ్యలో ఉన్నారని చెబితే, మన ప్రాంతం నుండి కొత్తగా వచ్చినవారు ఒక పట్టాన నమ్మరు. కారు నిలపవలసిన చోట రెక్కలు ఆరబెట్టి ఉంటాయి; భోజనాల బల్ల మీద తీగలూ కొలత పరికరాలూ పరచి ఉంటాయి. 1953లో మిల్వాకీ నగరంలో పాల్ పోబెరెజ్నీ స్థాపించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ పక్షాన ప్రతి వేసవిలోనూ ఆష్‌కాష్‌లో జరిగే మేళా ఈ జాతివారికి తిరునాళ్లతో సమానం. చట్టం అడిగేది ఒక్కటే. నిర్మాణంలో సగానికి మించిన పనిని ఔత్సాహికులు తమ విద్య కోసమో వినోదం కోసమో స్వయంగా చేసి ఉండాలి. తెలుగువారికి ‘నిర్మాత’ అనగానే సినిమా గుర్తుకు వస్తుంది. ఈ నిర్మాతలు కూడా ఆస్తులు కరిగించుకోవడంలో వారికి తీసిపోరు గాని, తాము నిర్మించిన దానిలో తామే కూర్చొని ప్రాణాన్ని పణంగా పెట్టడం వీరి ప్రత్యేకత.

ప్రభుత్వ ధ్రువీకరణ పొందిన విమాన ఇంజన్ల ధర చూసి గుండె జారినవారిలో కొందరు మాజ్డా కారులోని రోటరీ ఇంజన్ వైపు మొగ్గుతారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో విమానం ముక్కు మీద సిలిండర్లతో సహా గిర్రున తిరిగిన ‘రోటరీ’ వేరు, ఇది వేరు. ఇది ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన. 1957లో జర్మనీలోని ఎన్.ఎస్.యు. సంస్థలో తొలిసారి నడిచింది. 1967లో మాజ్డా కాస్మో కారులో వీధికెక్కింది. ఇందులో పిస్టన్లు లేవు, కవాటాలు లేవు. ఉబ్బిన అంచులు గల త్రిభుజం వంటి రోటర్ ఒక గదిలో తిరుగుతూ గాలిని పీల్చడం, నొక్కడం, మండించడం, వదలడం అన్నీ చేస్తుంది. రెండు రోటర్లు గల 13బి నమూనా ఘనపరిమాణం 1308 ఘన సెంటీమీటర్లే అయినా, నిమిషానికి ఆరు వేల చుట్ల వద్ద అది ఇచ్చే 160 అశ్వశక్తి ఇద్దరు కూర్చొనే విమానానికి ధారాళంగా సరిపోతుంది. ఆ వేగానికి ప్రొపెల్లర్ తట్టుకోలేదు కాబట్టి మధ్యలో పళ్లచక్రాల పెట్టె ఒకటి ఉంటుంది.

ఈ ఇంజన్‌కు అభిమానులెందరో విమర్శకులూ అందరు. విమర్శకుల మొదటి మాట ‘అది వేడెక్కుతుంది’ అని. అభిమానుల మొదటి మందు ‘రేడియేటర్ పెద్దది వెయ్యి’ అని. ఈ రెండు మాటలూ తొందరపాటువే. వేడెక్కిందని చెప్పిన ముల్లును ముందుగా పరీక్షించాలి. తరువాత గాలి దారిని పరీక్షించాలి. రేడియేటర్ పరిమాణం మాట ఆ తరువాతిది. ఈ వరుస తప్పినవారు ఏడాది పాటు లోహపు రేకులు కోసి అతికి, చివరికి మొదటి చోటికే వస్తారు. వచ్చేవారు అదృష్టవంతులు.

వేడి ఈ ఇంజన్‌కు ఎందుకంత ప్రమాదమో రసాయన శాస్త్రం, లోహశాస్త్రం కలిసి చెబుతాయి. మామూలు ఇంజన్‌లో మండిన చోటికే మరుక్షణం చల్లని గాలి వస్తుంది. రోటరీలో మంట ఎప్పుడూ గదికి ఒకే పక్కన, చల్లని గాలి ఎప్పుడూ మరో పక్కన. స్పార్క్ ప్లగ్గుల చుట్టూ ఉన్న గోడకు క్షణం విశ్రాంతి ఉండదు. రోటర్ గది అల్యూమినియం, దాని పక్క పలకలు పోత ఇనుము. అన్నిటినీ పొడవాటి బోల్టులు పుల్లట్ల దొంతరలా కలిపి బిగిస్తాయి. అల్యూమినియం ఇనుముకన్నా సుమారు రెండింతలు వ్యాకోచిస్తుంది. హద్దు మీరి వేడెక్కినప్పుడు రెండింటి మధ్య నీటిని ఆపే రబ్బరు వలయాలు నలిగి, సాగే గుణం కోల్పోతాయి. ఒకసారి గట్టిపడిన రబ్బరు చల్లారినా మెత్తబడదు. కనుక ఒక్క అతివేడిమితో ఇంజన్ మొత్తం విప్పవలసి రావచ్చు. వలయం చెడిందో లేదో తెలుసుకోవడానికి చక్కని రసాయన పరీక్ష ఉంది. ఇంజన్ నడుస్తుండగా రేడియేటర్ మూతి వద్ద ఆవిరిని బ్రోమోథైమాల్ బ్లూ ద్రావణం గుండా పీల్చాలి. మంటలో పుట్టిన బొగ్గుపులుసు వాయువు అందులో ఉంటే నీలిరంగు పసుపుగా మారుతుంది. ఇది ఏ మోటారు విడిభాగాల దుకాణంలోనైనా దొరుకుతుంది; విప్పదీసే ముందు పది నిమిషాలు దీనికి కేటాయించినవారు తక్కువ.

ఇక ముల్లు సంగతి. ఉష్ణోగ్రత చూపే ముల్లు ఒక్క క్షణంలో పది డిగ్రీలు ఎగబాకిందనుకుందాం. వ్యవస్థలో ఎనిమిది కిలోల ద్రవం ఉంటే, సగం నీరు సగం గ్లైకాల్ గల ఆ ద్రవాన్ని పది డిగ్రీలు పెంచడానికి సుమారు 280 కిలోజౌల్స్ కావాలి. ఒక్క సెకనులో అంత ఇవ్వాలంటే 280 కిలోవాట్లు. ఇంజన్ ప్రొపెల్లర్‌కు ఇచ్చే శక్తి మొత్తం 120 కిలోవాట్లే! కాబట్టి వేడెక్కింది నీరు కాదు, మారింది విద్యుత్తు. ఒంటి తీగ గల సెన్సర్ ఇంజన్ ఒంటినే తిరుగుదారిగా వాడుకుంటుంది. ఇంజన్‌కూ బ్యాటరీకీ మధ్య ఎర్త్ పట్టీ వదులైతే, దీపాలు వేసినప్పుడల్లా, పెట్రోలు పంపు తిరిగినప్పుడల్లా ముల్లు ఊగుతుంది. నేల మీద ఒక్కొక్క స్విచ్చీ వేసి ముల్లును గమనిస్తే ఈ దొంగ అరగంటలో దొరుకుతాడు.

సెన్సర్‌ను విప్పి మరిగే నీటిలో ముంచడం పాత పద్ధతే, కాని దానిని మించినది లేదు. మరిగే నీరు నూరు డిగ్రీలన్నది సముద్రమట్టం వద్ద మాట. డెన్వర్‌లో నీరు సుమారు 95 డిగ్రీలకే మరుగుతుంది. అక్కడ కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడికించబోయినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. పది వేల అడుగుల ఎత్తులో 90 డిగ్రీలు చాలు. రేడియేటర్ మూత బయటి గాలి మీద ఎంత ఎక్కువ ఒత్తిడి అన్న లెక్కన పనిచేస్తుంది కనుక, నేల మీద ఉన్న భద్రత ఆకాశంలో అంత ఉండదు.

ముల్లు ఎక్కువ చూపడం చికాకు. తక్కువ చూపడం గండం. ద్రవం కారిపోతున్నప్పుడు సెన్సర్ కొన ఆవిరిలోనో గాలిబుడగలోనో మిగులుతుంది. ఆవిరి నుండి లోహానికి వేడి సరిగా అందదు. ఇంజన్ కాలిపోతుండగా ముల్లు మెల్లగా దిగివస్తుంది. ‘అమ్మయ్య, చల్లబడింది’ అని నడిపేవాడు ఊపిరి పీల్చుకుంటాడు. ఆ తరువాత అతనికి మిగిలేది నిమిషాలే. అందుకే ఉష్ణోగ్రతతో పాటు ద్రవం పీడనాన్ని చూపే మరో ముల్లు తప్పనిసరి అన్నది అనుభవజ్ఞుల మాట. కొన్ని పదుల డాలర్ల ఆ పరికరాన్ని వదిలేసి రంగుల మీద వేలు ఖర్చు పెట్టేవారిని ఏమనాలో తెలియదు. రోటరీలో వేడిలో సుమారు మూడో వంతును నూనె మోస్తుంది కాబట్టి నూనె ఉష్ణోగ్రతకూ ఇదే మర్యాద దక్కాలి.

వాయువేగం చూపే ముల్లు కథ ఇంకా పాతది. 1732లో హెన్రీ పీటో సేన్ నది ప్రవాహాన్ని కొలవడానికి వాడిన గొట్టమే నేటికీ విమానపు రెక్క కింద ఉంది. ఎదురుగాలి ఒత్తిడిని ఆ గొట్టం, పరిసర పీడనాన్ని పక్కనున్న స్టాటిక్ రంధ్రం అందిస్తాయి. రెండింటి భేదమే వేగం. ఆ భేదం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. సముద్రమట్టం వద్ద నూరు నాట్లకు 165 మిల్లీమీటర్ల నీటిమట్టం, ఎనభైకి 106, అరవైకి 60 మాత్రమే. కాబట్టి పరీక్షకు ప్రయోగశాల అక్కరలేదు. పారదర్శకమైన గొట్టాన్ని యు ఆకారంలో వంచి నీరు పోసి, రంగు కలిపి, పీటో గొట్టానికి కలిపి, మెల్లగా ఒత్తిడి పెంచితే చాలు. రెండు నీటిమట్టాల తేడా 165 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు ముల్లు నూరు చూపాలి. అక్కడ నొక్కిపెట్టి ఉంచితే నిమిషం పాటు కదలకూడదు. దిగితే ఎక్కడో కారుతోంది. నోటితో ఊదడం మాత్రం పనికిరాదు. ముల్లు వెనుక ఉన్న పలుచని డబ్బీ ఊపిరితిత్తుల బలానికి చాలదు.

పీటో గొట్టం కారితే ముల్లు తక్కువ చూపుతుంది. స్టాటిక్ గొట్టం కూర్చొనే గదిలో కారితే వేరు. చిన్న విమానాల గదిలో పీడనం సాధారణంగా బయటికన్నా కొంచెం తక్కువ. అందువల్ల ముల్లు ఎక్కువ చూపుతుంది. సమతలంలో ఎగురుతూ గాలి కిటికీ తెరిచినప్పుడు వేగం మారినట్లు కనిపిస్తే అనుమానం అక్కరలేదు, తప్పు గది లోపలే ఉంది. రంధ్రమే తప్పు చోట ఉన్న విమానాలూ ఉన్నాయి. వాటిని జీపీఎస్ పట్టిస్తుంది. ఒకే ఎత్తులో, ఒకే వేగంతో నాలుగు దిక్కులకూ ఎగిరి లెక్క కడితే గాలివాటు కొట్టుకుపోయి అసలు వేగం తేలుతుంది. గాలి సాంద్రతను సరిచేసి దానిని ముల్లుతో పోల్చాలి.

ఇక్కడే రెండు ముళ్ల కథలూ కలుస్తాయి. ఇది చాలామంది గమనించని సంగతి. రేడియేటర్ గుండా గాలిని తోసేది కూడా ఆ ఎదురుగాలి ఒత్తిడే. వేగం ముల్లు 90 చూపుతుండగా నిజంగా 80 నాట్లతో విమానం పైకెక్కుతోందనుకుందాం. రేడియేటర్ ముందు లభించే ఒత్తిడి 21 శాతం పడిపోయింది. ఇంజన్ మాత్రం పూర్తి శక్తితో పనిచేస్తోంది. నీరు వేడెక్కుతుంది. నిర్మాత రేడియేటర్‌ను తిడతాడు, ఇంజన్‌ను తిడతాడు, చివరికి వాంకెల్‌నూ తిడతాడు. తప్పు పక్కన ఉన్న సన్నని గొట్టం కీలులో ఉంది. అంతకన్నా ఘోరం, అదే పది నాట్ల తేడా దిగే సమయంలో విమానాన్ని తేలలేని వేగానికి తెలియకుండా దగ్గర చేస్తుంది. వేడిని గురించి ఫిర్యాదు చేసిన ఆ ముల్లు నిజానికి ప్రాణరక్షణ చేస్తున్నదన్నమాట, వినేవాడుంటే.

గాలి దారిని పరీక్షించడానికి పాత వేగమాపకం ఒకటి దొరికితే మరీ మంచిది. దాని ఒక కాలును రేడియేటర్ ముందు, మరో కాలును వెనుక పెడితే రేడియేటర్ గుండా ఉన్న ఒత్తిడి భేదం కళ్లకు కడుతుంది. ముందు ఒత్తిడి తగినంత లేకపోతే ప్రవేశ ద్వారం తప్పు. ముందు బాగా ఉండి వెనుకా ఎక్కువగానే ఉంటే గాలి బయటికి పోయే దారి తప్పు. రెండవ సందర్భంలో ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా ఫలితం దాదాపు శూన్యం. గాలిని లోపలికి తేవడం అందరికీ తోస్తుంది. బయటికి పంపడం తోచదు. 1930లలో ఇంగ్లండులో మెరెడిత్ రేడియేటర్ గొట్టాన్ని సరిగా మలిస్తే వేడి గాలి నుండి కొంత తోపుడు కూడా పొందవచ్చని చూపాడు. ఇళ్లలో కట్టే విమానాలకు అంత ఆశ అక్కరలేదు, గాలి అడ్డు లేకుండా పోతే చాలు.

నేటి డిజిటల్ తెరలు వచ్చాక ఈ చాదస్తం అవసరమా అనేవారున్నారు. తెరలు అన్నిటినీ నమోదు చేసి ఉంచడం నిజంగా గొప్ప సదుపాయమే. అయితే తెర మీద 93.4 అని దశాంశంతో కనిపించినంత మాత్రాన సెన్సర్ సత్యవాది కాదు. వదులైన ఎర్త్ పట్టీ తెరనూ మోసం చేస్తుంది. వేరొక వాదం మరింత బరువైనది. కారు ఇంజన్‌ను ఆకాశానికి తీసుకుపోవడమే తప్పు, ధ్రువీకరించిన ఇంజన్ కొనుక్కోవాలి అని. 2012లో అమెరికా రవాణా భద్రతా మండలి స్వగృహ నిర్మిత విమానాలపై వెలువరించిన అధ్యయనంలో ఇంజన్ వ్యవస్థల వైఫల్యం ముఖ్య కారణాలలో ఒకటని, ప్రమాదాలలో గణనీయమైన భాగం విమానపు తొలి గంటలలోనే జరుగుతున్నాయని తేలింది. ఈ వాదాన్ని కొట్టిపారేయడం నిజాయితీ కాదు. కాని తొలి గంటలలో ప్రమాదాలు జరుగుతున్నాయంటే, పరీక్ష నేల మీద జరగవలసినంత జరగలేదన్న అర్థం కూడా అందులో ఉంది. ధ్రువీకరణ లేని ఇంజన్‌కు సాధారణంగా విధించే నలభై గంటల పరీక్షా కాలాన్ని చాలామంది తీర్చవలసిన బాకీలా చూస్తారు. ఆ గంటలు ముళ్లను సరిచూసుకోవడానికి ఇచ్చిన గడువు.

ఇంత చెప్పినా, గాలిలో ఉండగా ముల్లును అనుమానించే హక్కు ఎవరికీ లేదు. ఎర్రగీత దాటితే శక్తి తగ్గించి, ముక్కు దించి, దగ్గరి రన్‌వే వైపు తిరగాలి. అది అబద్ధమని తేల్చుకోవడం దిగిన తరువాతి పని.

మన పెద్దలు భ్రమరకీటక న్యాయం చెప్పేవారు. తుమ్మెద తన మట్టిగూటిలో పెట్టిన పురుగు తుమ్మెదనే తలచి తలచి తానూ తుమ్మెద అవుతుందని. కీటకశాస్త్రం ప్రకారం ఆ పురుగు, పాపం, తుమ్మెద పిల్లకు ఆహారం. అమెరికాలో మట్టిగూడు కట్టే కందిరీగకు పీటో గొట్టం కన్నా అనువైన కన్నం మరొకటి లేదు. 1996 ఫిబ్రవరిలో డొమినికన్ రిపబ్లిక్ తీరాన 189 మందితో బర్గెనేర్ బోయింగ్ 757 కూలినప్పుడు, గొట్టంలో అటువంటి గూడే అడ్డుపడి ఉంటుందని విచారణాధికారులు భావించారు. అదే ఏడాది అక్టోబరులో పెరూలో శుభ్రం చేసేటప్పుడు స్టాటిక్ రంధ్రాలకు అంటించిన టేపు తీయడం మరచిపోయారు. 70 మంది మరణించారు. పెద్ద సంస్థలకే తప్పనిది గరాజు నిర్మాతకు తప్పుతుందా? విమానం నిలిపిన ప్రతిసారీ గొట్టానికి తొడిగే తొడుగు, దానికి వేలాడే ఎర్ర గుడ్డపీలిక, ఎగిరే ముందు దానిని తీసినట్లు చేతితో తడిమి చూడడం, ఈ మూడింటికీ ఇంజన్ ఏదైనా ఒకటే.