‘లోకల్’ అంటే ఊరికే వచ్చిన మాట కాదు

ఏపీపీఎస్సీ దరఖాస్తులో నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎక్కడ చదివారో అడిగే చోటికి రాగానే చాలామందికి విసుగొస్తుంది. స్టడీ సర్టిఫికెట్ కోసం నేనూ ఒకప్పుడు ఓ బడి వరండాలో రెండు రోజులు నిలబడ్డాను. బీరువా తాళం ఉన్నాయన సెలవులో ఉన్నాడన్నారు. తిట్టుకున్నాను గానీ, ఆ కాగితం అసలెందుకు అడుగుతున్నారో అప్పట్లో నాకు తెలీదు.

కోచింగ్‌లో దాన్ని బిట్లుగా చెబుతారు. ఆరు సూత్రాల పథకం: 1973 సెప్టెంబర్ 21. రాజ్యాంగ సవరణ: 32. అధికరణ: 371డి. మార్కు వస్తుంది, కాదనను. కానీ రోడ్డెక్కిన కుర్రాళ్లకూ ఢిల్లీకీ మధ్య కుదిరిన బేరం అదని ఏ బిట్టూ చెప్పదు.

మన దగ్గర ఈ గొడవ మొదటినుంచీ కొలువుల చుట్టూనే తిరిగింది. మద్రాసు ప్రెసిడెన్సీలో సర్కారు ఉద్యోగాలు తెలుగువాళ్లకు దక్కడం లేదన్న బాధ గుంటూరు జిల్లా చదువుకున్న కుర్రాళ్లలో బలంగా ఉండేది. 1913 మేలో మొదటి ఆంధ్ర మహాసభ బాపట్లలో జరిగింది. బయ్యా నరసింహేశ్వర శర్మ అధ్యక్షత వహించారు. ప్రత్యేక రాష్ట్రం సంగతి ఆ సభ తేల్చలేదు. పొట్టి శ్రీరాములు 58 రోజులు నిరాహార దీక్ష చేసి ప్రాణం వదిలాకే, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది.

1956లో తెలంగాణతో కలిశాక అదే ప్రశ్న ఎదుటివైపు నుంచి లేచింది. హైదరాబాద్ సంస్థానం నాటి ముల్కీ నిబంధనల ప్రకారం అక్కడ కొలువు కావాలంటే 15 ఏళ్లు స్థిరంగా నివసించి ఉండాలి. వాటిని సరిగా అమలు చేయడం లేదని 1969లో తెలంగాణ విద్యార్థులు లేచారు. ఆ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు చెప్పగానే కోస్తా, రాయలసీమ విద్యార్థులు ‘జై ఆంధ్ర’ అన్నారు. కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. ఎన్జీవోలు సమ్మెకు దిగారు. కాల్పుల్లో మనుషులు పోయారు. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది.

చివరికి ఏం వచ్చింది? ఇటువాళ్లు అడిగిన రాష్ట్రం రాలేదు, అటువాళ్లకు ముల్కీ మిగల్లేదు. అందుకే దీన్ని గెలుపని ఎవరూ ఒప్పుకోరు. నా లెక్కలో మాత్రం ఇందులో ఒక గట్టి సంగతి ఉంది. కుదిరిన మాట నాయకుల నోట్లో ఆగిపోకుండా రాజ్యాంగంలోకి ఎక్కింది. 1975 అక్టోబర్ 18న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. జూనియర్ అసిస్టెంట్ స్థాయి, ఆ కింది పోస్టుల్లో 80 శాతం, జోనల్ నాన్ గెజిటెడ్ పోస్టుల్లో 70 శాతం స్థానికులకని రాశారు. సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాల్లాంటివి దాని పరిధిలోకి రాలేదు. ఉల్లంఘనలూ జరిగాయి, వాటిని సరిదిద్దడానికే 1985లో 610 జీవో వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయినా 371డి మాత్రం రెండు రాష్ట్రాలకూ మిగిలింది.

దీని విలువ తెలియాలంటే కుర్దుల వైపు ఒకసారి చూడండి. తుర్కియే, ఇరాక్, ఇరాన్, సిరియాల్లో చెదిరిన మూడు కోట్ల పైచిలుకు జనం. ఇరాక్‌లో ముస్తఫా బర్జానీకీ బాగ్దాద్ సర్కారుకూ 1970 మార్చి 11న స్వయంప్రతిపత్తి ఒప్పందం కుదిరింది. చమురున్న కిర్కుక్ ఎవరిదన్న దగ్గర చెడింది. 1974లో మళ్లీ యుద్ధమే. 2005 రాజ్యాంగంలో 140వ అధికరణ రాసి, 2007 ఆఖరుకల్లా కిర్కుక్‌పై ప్రజాభిప్రాయం సేకరిస్తామన్నారు. అది ఇప్పటికీ జరగలేదు. 2017 సెప్టెంబర్‌లో కుర్దులు సొంతంగా రెఫరెండం పెట్టుకుంటే 92 శాతం మంది స్వాతంత్ర్యానికి ఓటేశారు. మరుసటి నెలలోనే ఇరాక్ సైన్యం కిర్కుక్‌లోకి దిగింది.

అంతకుముందే, 2014లో, కుర్దు ప్రాంతానికి రావాల్సిన బడ్జెట్ వాటాను బాగ్దాద్ ఆపేసింది. అక్కడ సర్కారు టీచరుకు జీతం నెలలు ఆలస్యమైంది. ఆ తర్వాతా అదే తంతు, టీచర్ల సమ్మెలు. కొలువుంది, జీతం లేదు.

అంటే రాజ్యాంగంలో రాసినంత మాత్రాన సరిపోదన్నమాట. మరి మనది ఎందుకు నిలిచింది? అమలు చేసేవాడి దయ మీద వదిలేయకుండా, ప్రతి నోటిఫికేషన్‌లో లెక్క తేలేలా రాశారు. పోస్టు దక్కనివాడు ఆ లెక్క పట్టుకుని ట్రిబ్యునల్‌కో కోర్టుకో వెళ్లగలిగాడు. కిర్కుక్ వాసికి ఆ దారి దొరకలేదు. మన పోరాటం గొప్పది, వాళ్లది కాదు అని దీనర్థం కాదు. వాళ్లు ఎదుర్కొన్న రాజ్యాలు వేరు, పోసిన నెత్తురు ఎన్నో రెట్లు.

ఇక మీ సర్టిఫికెట్ సంగతి. పదో తరగతి మొదటిసారి రాసిన ఏడాదితో ముగిసే నాలుగేళ్లూ ఒకేచోట చదివితే మీరు అక్కడ లోకల్. మధ్యలో ఊళ్లు మారితే ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడుంటే అదే లెక్క. 1975 ఉత్తర్వు ప్రకారం తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ గుంటూరు జిల్లా, మూడో జోన్. రేపల్లె నుంచి పెనుమూడి వంతెన దాటి అవనిగడ్డలో చదివితే కృష్ణా జిల్లా, రెండో జోన్. 2022 ఏప్రిల్‌లో బాపట్ల కొత్త జిల్లా అయింది, రేపల్లె అందులో కలిసింది, తెనాలి గుంటూరులోనే ఉంది. నోటిఫికేషన్ పాత జిల్లాను అడుగుతోందో కొత్త జిల్లాను అడుగుతోందో చూశాకే ఆ గడి నింపండి.